ఆకు కొనువారెవరు?
పొగాకు కంపెనీల పుట్టుక, అంగడి, పోటీ

(కలిగిరి పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసము)



పెద్ద కంపెనీల పేర్లు పత్రికలలో దినదినము కనబడుచునే యున్నవి. ఒకటి మఱియొకదానిని కొనెననియు, ఒకదాని వాటాధర హెచ్చెననియు, వేఱొకదానిది తగ్గెననియు చదివి, అవి దూరదేశపు ముచ్చటలని పుట త్రిప్పుచున్నాము. పట్టణములలో వాటాలు కొని అమ్మువారికి అవి లాభనష్టముల వార్తలు మాత్రమే కావచ్చును. కలిగిరివారికి అవి ఇంటివార్తలు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల తేలికనేలలలో పండిన వర్జీనియా పొగాకు కలిగిరిలోను, మఱ్ఱిపాడు మండలమందలి డి.సి.పల్లిలోను గల పొగాకు బోర్డు వేలం కేంద్రములకు బేళ్లుగా వచ్చి, అచ్చటినుండి రేవులకు పోయి సముద్రములు దాటుచున్నది. ఆ బేలునకు పలుకు ధర కలిగిరిలోనే పుట్టుట లేదు. బ్రెజిలులో కురిసిన వాన, జింబాబ్వేలో కురియని వాన, లండనులోను జెనీవాలోను వేయబడు లెక్కలు, ఇవన్నియు అందులో కలసియున్నవి.

కావున నేడు మేము మూడు ప్రశ్నలను మీ ముందుంచెదము. ఈ కంపెనీలు ఎట్లు పుట్టినవి? ఎవరి అంగడి ఎక్కడ నున్నది? వానిలో వానికి గల పోటీ ఎట్టిది? ఈ మూడును తేటపడినచో నాలుగవ ప్రశ్న దానంతట అదియే తేలును. ఆ పోటీవలన మన రైతునకు ఒరిగినదేమి?

మొదట పుట్టుకను గూర్చి చెప్పెదము. సిగరెట్టు కంపెనీలు గొప్పవగుటకు కారణము పొగాకు కాదు, ఒక యంత్రము. చేతితో చుట్టు పనివాడు దినమునకు రెండుమూడు వేల సిగరెట్లకు మించి చుట్టలేడు. అమెరికాలో జేమ్స్ బాన్‌సాక్ అను యువకుడు 1881లో హక్కుపత్రము పొందిన యంత్రము దినమునకు లక్షయిరువది వేలు చుట్టగలిగెను. ఇంగ్లండునందు ఆ యంత్రపు హక్కును 1883లో బ్రిస్టలు పట్టణపు విల్స్ వారు కొనిరి. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రపు డర్హాము పట్టణమందలి జేమ్స్ బుకానన్ డ్యూక్ దానిని తన కార్ఖానాలో నిలిపెను. ఒకే యంత్రము ఇరుతీరములయందును రెండు సామ్రాజ్యములను పుట్టించినది. సరకు వెల్లువగా వచ్చుటచే దానిని అమ్ముటకు ప్రకటనలు, ఏజెంట్లు, ధరల యుద్ధములు అవసరమయ్యెను. 1890లో డ్యూక్ తన ప్రతిస్పర్ధులను కలుపుకొని అమెరికన్ టొబాకో కంపెనీని స్థాపించెను. 1901లో అతడు ఇంగ్లండుపై దండెత్తి, లివర్‌పూలులోని ఆగ్డెన్ కంపెనీని కొనివేసెను. వెంటనే ఆంగ్ల వర్తకులు పదుమూడు సంస్థలవారు విల్స్ వారి నాయకత్వమున ఒక్కటై ఇంపీరియల్ టొబాకో కంపెనీగా నిలిచిరి.

అంతట యుద్ధము చెలరేగవలసినదే కదా! కాని జరిగినది యుద్ధము కాదు, పంపకము. 1902లో ఉభయపక్షములును సంధి చేసికొనెను. అమెరికా డ్యూక్‌నకు, బ్రిటను ఇంపీరియల్ వారికి. మిగిలిన లోకమంతయు ఇరువురును కలసి పెట్టిన క్రొత్త కంపెనీకి. దానికే బ్రిటిష్ అమెరికన్ టొబాకో అని పేరు. అందు మూడింట రెండు వంతులు అమెరికావారివి, ఒక వంతు ఇంపీరియల్ వారిది. మన దేశము ఆ మిగిలిన లోకములోనిది. మనల నడిగినవారు లేరు, చెప్పినవారు లేరు. మన అంగడి పరుల బల్లమీద ఒక గీతతో పంచబడెను. ఈ కథలో మేము ముఖ్యముగా గమనింపగోరునది ఇది: పోటీకి పేరుపొందినవారే, పోటీ తమకు నష్టమని తోచినప్పుడు దానిని మానుకొనుటకు వెనుదీయలేదు.

ఆ పంపకమును అమెరికాలో న్యాయస్థానము సహింపలేదు. 1911లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము డ్యూక్ గుత్తసంస్థను విచ్ఛిన్నము చేయగా అమెరికన్ టొబాకో, లిగెట్ అండ్ మయర్స్, రేనాల్డ్స్, లోరిలార్డ్ అను సంస్థలు వేఱువేఱుగా నిలిచినవి. బ్రిటిష్ అమెరికన్ టొబాకో మాత్రము లండనునుండి లోకమంతటను విస్తరించుచునే యుండెను. ఒకనాడు చీల్చబడిన రేనాల్డ్స్ వంశపు సంస్థను 2017లో అదే బ్రిటిష్ అమెరికన్ టొబాకో పూర్తిగా కొనివేసినది. శాసనము చీల్చినదానిని ధనము మరల కలుపుకొన్న తీరు చూచితిరా!

ఇక మన దేశపు ముచ్చట. 1910 ఆగస్టు 24న కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. అంతకు కొన్ని సంవత్సరములకు ముందే వంగదేశమున స్వదేశోద్యమము చెలరేగి, జనులు విదేశపు గుడ్డలతోపాటు విదేశపు సిగరెట్లను గూడ బహిష్కరించియుండిరి. సరకును ఓడలో తెచ్చుటకంటె ఇచ్చటనే చేయుట మేలని కంపెనీవారు గ్రహించిరి. ఇచ్చట చేయుటకు ఇచ్చటి ఆకు కావలయును. అందుకై 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పుట్టినది. గుంటూరు దానికి పట్టుగొమ్మ అయ్యెను. 1920వ దశకమున గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు సాగు స్థిరపడి, క్రమముగా ప్రకాశము, నెల్లూరు మెట్టలకు ప్రాకినది. బ్యారన్‌లో ఆకును వేడిగాలితో వారము దినములు పండించు విద్యను మన రైతు నేర్చినాడు. కట్టె కొట్టుట, కఱ్ఱలకు ఆకు కట్టుట, మండె వేయుట, గ్రేడు చేయుట, బేలు కట్టుట, ఇంత పనియు మనదే. పొగాకు మనది, నేల మనది, చెమట మనది. కాని ఆకు ఎందులకు పండవలయునో నిర్ణయించినది కంపెనీ.

ఆ ఇంపీరియల్ టొబాకో కంపెనీ నేడు మఱియొక రూపమున నున్నది. 1969లో అజిత్ నారాయణ్ హక్సర్ దానికి తొలి భారతీయ అధ్యక్షుడయ్యెను. 1970లో ఇండియా టొబాకో కంపెనీ అనియు, 1974లో ఐ.టి.సి. అనియు పేరు మారినది. 1990వ దశకమున లండను కంపెనీ తన పట్టును హెచ్చించుకొనజూడగా, కలకత్తాలోని భారతీయ నిర్వాహకులు ఎదురు నిలిచిరి. ఆ ప్రయత్నము సాగలేదు. 2024, 2025 సంవత్సరములలో బ్రిటిష్ అమెరికన్ టొబాకో తన వాటాలలో కొంత భాగమును అమ్మివేయగా, ఆ వాటా నాలుగవ వంతునకు లోపునకు దిగినది. అయినను నేటికిని అది పెద్ద వాటాదారే. మన జీవిత బీమా సంస్థ మొదలగు ప్రభుత్వ సంస్థలకును అందు వాటాలు కలవు. కాబట్టి ఐ.టి.సి. స్వదేశియా, విదేశియా అని అడుగువారికి ఒక్క మాటలో బదులు చెప్పుట కష్టము. మేమీ ప్రశ్నను త్రోసిపుచ్చము. కాని కలిగిరి వేలముశాలలో దానికంటె పదునైన ప్రశ్న వేఱొకటి కలదు. దానికి వచ్చెదము.

ప్రపంచమున నేడు సిగరెట్టు వ్యాపారమును ఏలుచున్న సంస్థలు ముఖ్యముగా ఐదు. వీనిని ఒకదాని ప్రక్క ఒకటి నిలిపి చూడుడు.

మొదటిది చైనా జాతీయ పొగాకు సంస్థ. 1982లో ఏర్పడిన ఈ సంస్థ ప్రభుత్వపు గుత్త. లోకమున కాల్చబడు సిగరెట్లలో పదింట నాలుగు వంతులకు పైగా దానివే. దాని అంగడి దాదాపుగా స్వదేశమే. ప్రజాసంఖ్యయే దాని బలము. పోటీ లేకపోవుటయే దాని కోట.

రెండవది ఫిలిప్ మారిస్. 1847లో లండను బాండ్ వీధిలో తెఱచిన ఒక చిన్న దుకాణము దీనికి మూలము. పిమ్మట అమెరికాకు చేరి, 1924లో స్త్రీలకొఱకని తెచ్చిన మార్ల్‌బరో సిగరెట్టును 1950వ దశకమున గుఱ్ఱపురౌతు బొమ్మతో పురుషుల సిగరెట్టుగా మార్చి లోకమంతట అమ్మినది. సరకు అదియే, బొమ్మ మారినది! 2008లో అమెరికా అంగడి ఒక సంస్థకును, తక్కిన లోకము మఱియొక సంస్థకును విడదీయబడినది. దీని బలము ఒక్క పేరునకు గల ఖ్యాతి.

మూడవది మనము చెప్పుకొన్న బ్రిటిష్ అమెరికన్ టొబాకో. దీని బలము విస్తృతి. ఒక్కొక్క దేశమున ఒక్కొక్క పేరుతో, ఒక్కొక్క వాటాతో నిలుచుట దీని పద్ధతి. మన హైదరాబాదులో చార్మినార్ సిగరెట్లకు పేరుపడిన వజీర్ సుల్తాన్ కంపెనీలో గూడ సుమారు మూడవ వంతు దీనిదే.

నాలుగవది జపాన్ టొబాకో. రష్యాతో యుద్ధమునకు ధనము కావలసి జపాను ప్రభుత్వము 1904లో సిగరెట్ల తయారీని తన గుత్త చేసికొనెను. 1985లో అది కంపెనీగా మారినది. నేటికిని శాసనప్రకారము మూడవ వంతునకు పైగా వాటా ప్రభుత్వముదే. స్వదేశమున పొగత్రాగువారు తగ్గుచుండగా అది ధనమును విప్పి, 1999లో రేనాల్డ్స్ వారి విదేశ వ్యాపారమును, 2007లో బ్రిటనునందలి గాలహర్‌ను కొని, జెనీవానుండి లోకవ్యాపారము నడపుచున్నది. పుట్టుకచే ప్రభుత్వశాఖ, పెరుగుటచే బహుదేశ సంస్థ.

ఐదవది పాత ఇంపీరియల్. పంపకములో బ్రిటను మాత్రమే దక్కించుకొన్న ఈ సంస్థ ఇల్లు దాటుటకు ఆలస్యము చేసి, అందఱిలో చిన్నదై మిగిలినది. 2016నుండి ఇంపీరియల్ బ్రాండ్స్ అని పేరు మార్చుకొన్నది.

చూచితిరా? ఒకదానికి రాజ్యము బలము, ఒకదానికి పేరు బలము, ఒకదానికి విస్తృతి బలము, ఒకదానికి ధనము బలము. సిగరెట్టు అమ్ముటయందు ఇవి నిజముగనే పోరాడుచున్నవి. కాని సోదరులారా, అమ్మునప్పటి పోటీ వేఱు, కొనునప్పటి పోటీ వేఱు. నేటి మా ఉపన్యాసమునకు ఇదియే కీలకము.

కంపెనీ అమ్మునప్పుడు పెక్కుమంది కొనువారి ముందు నిలుచును. తన ప్రక్కన మఱియొక కంపెనీ నిలిచియుండును. అక్కడ పోటీ కంపెనీలది. అదే కంపెనీ ఆకు కొనవచ్చినప్పుడు దాని ముందు లక్షలాది రైతులు నిలుతురు. అక్కడ పోటీ రైతులది. కలిగిరి రైతు ప్రక్క గ్రామపు రైతుతో మాత్రమే కాదు, మైసూరు రైతుతోను, బ్రెజిలు రైతుతోను, జింబాబ్వే రైతుతోను పోటీపడుచున్నాడు. వారిని ఆతడెన్నడును చూడలేదు; వారును ఈతని నెఱుగరు. కాని కంపెనీకి అందఱును తెలియుదురు. ఆకును దేశదేశములనుండి సేకరించి కంపెనీలకు అందించు వర్తకులు వేఱుగా నున్నారు. వారిలో రిచ్మండునందలి యూనివర్సల్, పిక్సస్ అనునవి పెద్దవి. ఒక దేశపు ఆకు ప్రియమైనచో వారు మఱియొక దేశపు ఆకును మిశ్రమములో హెచ్చింపగలరు. కంపెనీకి కాళ్లు కలవు, సముద్రములు దాటును. రైతు నేలకును బ్యారన్‌కును కాళ్లు లేవు.

స్వదేశపు అంగడిని చూచినచో ఇది మఱింత విశదమగును. మన దేశమున పొగాకు వాడువారిలో హెచ్చుమంది బీడీ త్రాగువారు, నమలువారు. వర్జీనియా ఆకు ముఖ్యముగా సిగరెట్టునకును ఎగుమతికిని పోవలసినదే. ఆ సిగరెట్ల వ్యాపారమున సుమారు నాలుగింట మూడు వంతులు ఒక్క ఐ.టి.సి.ది, తరువాత గాడ్‌ఫ్రే ఫిలిప్స్, వజీర్ సుల్తాన్. సిగరెట్ల తయారీయందు విదేశపు పెట్టుబడిని మన ప్రభుత్వము 2010లో నిషేధించినది. ఆరోగ్యదృష్టితో అది తగినదే. కాని దాని నీడ ఆకు అంగడిపై గూడ పడినది: ఇంటిలో కొనువారి సంఖ్య పెరుగుటకు దారి మూసికొనినది. మిగిలినవారు ఎగుమతివర్తకులు. వారిలో గుంటూరు సీమకు చెందిన బొమ్మిడాల, పొలిశెట్టి, మద్ది వంటి ఆంధ్ర వర్తకగృహములు గూడ కలవు. ఇందుచేతనే మేము చెప్పితిమి, వేలముశాలలో అడుగవలసినది కొనువాడు స్వదేశియా విదేశియా అని మాత్రమే కాదు. కొనువారెందఱు? ఇదియే పదునైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన పూర్వులు ఊరకయుండక ఒక జవాబును సాధించుకొనిరి. పూర్వము రైతు తన ఆకును కంపెనీ గుమ్మమునకు మోసికొనిపోయెడివాడు. అక్కడ ఒకే కొనువాడు, అతడు చెప్పినదే గ్రేడు, ఇచ్చినదే ధర. 1975 నాటి చట్టముచే 1976 జనవరి 1న గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. 1984లో కర్ణాటకమునందును, 1985లో మన రాష్ట్రమందును వేలముపాట ఆరంభమైనది. దానితో గుమ్మము తలక్రిందులైనది: రైతు కంపెనీ గుమ్మమునకు పోవుట మాని, కంపెనీలు రైతు బేలు చెంతకు వచ్చినవి. పది కన్నుల ముందు ధర పలుకుట, సొమ్ము బ్యాంకు ద్వారా చేరుట, నచ్చని ధరకు బేలు ఈయకుండుట, ఇవి చిన్న హక్కులు కావు.

ఈ హక్కు విలువ ఎంతటిదో 2025లో బర్లీ పొగాకు రైతులు చూపిరి. ఆ ఆకునకు బోర్డు వేలము లేదు. కంపెనీల మాటమీద, పూర్వపు మంచి ధరమీద ఆశతో హెచ్చుగా సాగుచేసిన రైతులకు పంట చేతికి వచ్చునప్పటికి కొనువారు ముఖము చాటుచేసిరి. తుదకు రాష్ట్రప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసివచ్చెను. వేలము ఉన్నచోట ధర తగ్గవచ్చును. వేలము లేనిచోట ధరయే ఉండకపోవచ్చును.

అట్లని వేలమే సర్వరోగనివారిణి అని మేము చెప్పము. 2015లో వర్జీనియా ధరలు కుప్పగూలి ప్రకాశము, పశ్చిమ గోదావరి జిల్లాలలో రైతులు ప్రాణములే తీసికొనిరి. అప్పుడును వేలము ఉన్నది. 2020లో కొనువారు వెనుకాడగా మార్క్‌ఫెడ్ వేలములో దిగి పాడవలసివచ్చెను. ఒక క్రొత్త కొనువాడు గదిలోనికి వచ్చి కూర్చున్నంతనే గదిలోని గాలి మారునని ఆ యేడు తెలిసినది. నోబిడ్ బేళ్లను బండిమీద తిరిగి ఇంటికి తీసికొనిపోవు రైతులు, కొనువారు సిండికేటైరని అనుట మనము వినుచున్నదే. మేము ఎవరిమీదను నేరము మోపము. కొనువారు కూడబలుకుకొనుటను 2002 నాటి పోటీ చట్టము నిషేధించుచున్నది. ఆధారమున్నవారు ఆ ద్వారము తట్టవచ్చును. కాని ఒక్కటి గుర్తుంచుకొనుడు. కొనువారు కొద్దిమందియైనప్పుడు వారు మాటలాడుకొన నక్కఱలేదు. ఒకరి మొగము ఒకరు చూచుకొన్నను చాలును.

మంచి కాలమును గూర్చియు చెప్పవలెను. 2023-24లో ఎల్‌నినో ప్రభావమున బ్రెజిలు, జింబాబ్వేలలో పంట తగ్గగా మన ఆకునకు గిరాకి హెచ్చి మేలురకము కిలో మూడువందల రూపాయలు దాటెను. ఊరూర ఉత్సాహము. కౌలు పెరిగినది, బ్యారన్ అద్దె పెరిగినది, కట్టె ధర పెరిగినది, మఱుసటి యేడు సాగు పెరిగినది. పిమ్మట ఏమైనది? పరదేశపు పంట కోలుకొన్నది, మన ధర దిగినది. కౌలు మాత్రము దిగలేదు. పరుల కఱవును మన భాగ్యముగా ఎంచుకొని అప్పు చేసినవాడు, పరులకు వాన కురిసిననాడు ఏడ్వవలసివచ్చును.

వీనికి తోడు దూరమున మఱియొక మేఘము కనబడుచున్నది. పొగాకువలన లోకమున ఏటేట డెబ్బది లక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పొగాకు నియంత్రణకై ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడిక 2005లో అమలునకు వచ్చినది. మన దేశము అందు చేరియున్నది. సిగరెట్టు తగ్గవలసినదే, దానిని కాదనుట మానవధర్మము కాదు. కాని తగ్గుదలకు ఎవరెట్లు సిద్ధపడుచున్నారో చూడుడు. ఫిలిప్ మారిస్ రాబడిలో మూడవ వంతునకు పైగా నేడు పొగలేని సరకులనుండి వచ్చుచున్నది. ఐ.టి.సి. గోధుమపిండి, బిస్కత్తులు అమ్ముచున్నది. భద్రాచలము చెంత సారపాకలో కాగితము చేయుచున్నది. సిగరెట్టు చేసినవారే సిగరెట్టు పోవునాటికి వేఱొక గొడుగు క్రింద నిలిచియుందురు. బ్యారన్ కట్టిన రైతునకు ఆ గొడుగేది?

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: బోర్డు ఏటి సాగును నిర్ణయించునప్పుడు కంపెనీల ఇండెంట్లను అడుగుచున్నది. ఆ ఇండెంట్లు ఎవరివి, ఎంత, తుదకు కొన్నదెంత, ఈ లెక్క వేలం కేంద్రపు గోడమీద తెలుగులో ప్రకటింపబడవలయును. మాట ఇచ్చినవాడు కొని తీరవలయును. రెండవది: ధర పడిన యేడు మార్క్‌ఫెడ్ రైతులు రోడ్డెక్కిన పిమ్మట గాక మొదటినుండియే వేలమున కూర్చుండవలయును. మూడవది: బర్లీకి గూడ బహిరంగపు వేలము కావలయును. నాలుగవది ప్రభుత్వము చేయునది కాదు, మనము చేయవలసినది: ఒక మంచి యేటిని చూచి బ్యారన్ పెంచకుండుట, కొంత నేలను కందికో, మినుమునకో, శనగకో విడిచియుంచుట. కంపెనీలు ఒక సరకును నమ్ముకొనుట మానిన కాలమున రైతు ఒక పంటను నమ్ముకొనుట వివేకము కాదు.

ఈ పఠనమందిరమునకు గూడ ఒక పని కలదు. ఇచ్చటికి వచ్చువారిలో హెచ్చుమందికి పొలము లేకపోవచ్చును. కాని చదువు కలదు. వేలము ఋతువులో వారమునకొకసారి బ్రెజిలు పంట ఎట్లున్నది, జింబాబ్వే ధర ఎంత, మైసూరులో ఎంత పలికినది అను మూడు సంగతులు సేకరించి నల్లబల్లమీద వ్రాసి యుంచుడు. కంపెనీ ప్రతినిధి చేతిలో ఆ లెక్క ఉన్నది. రైతు చేతిలో లేదు. ఆ కొఱతను తీర్చుటకు ధనము అక్కఱలేదు, తీరిక చాలును.

1902లో మన అంగడిని పరులు పంచుకొన్ననాడు మనకు తెలియదు. నేడు తెలియును. తెలిసియు ఊరకుండుట మనకు తగదు. ఆకు మనది, కొనువారెవరో, ఎందఱో, ఎందులకో తెలిసికొని అమ్ముదము.